తలుపు తెరవని తెల్లవారుజాము

పెన్సిల్ సెల్లంటే మన ఇళ్ళలో ఎవరికి లక్ష్యం చెప్పండి? గోడగడియారం ఆగితే పిల్లవాణ్ణి వీధి చివరి కొట్టుకు పరుగెత్తిస్తాం. వాడు ఏది తెస్తే అది వేసేస్తాం. నేనూ అరవై ఏళ్ళు అలాగే గడిపాను. నాలుగు పెన్సిల్ సెల్లులు ఒక పెళ్ళిని ఆపబోయేదాకా, అందులో నా చేతి చలవే ఎక్కువని తేలేదాకా, నాకు వాటి సంగతి పట్టలేదు.

బెజవాడలో మా బిల్డింగు మూడంతస్తులది. కింద మందుల షాపు, బట్టలకొట్టు. మధ్యన కంటి డాక్టరు, ఆడిటరు, పెళ్ళిబట్టలు కుట్టే ఒకావిడ. పైన ట్యూషన్లు. నాకూ అందులో అద్దెకిచ్చిన చిన్న గది ఒకటుంది. రిటైరయ్యాక, "మీరు ఊరికే కూర్చున్నారుగా" అంటూ అందరూ కలిసి నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు. ఊరికే కూర్చున్నవాడికే ఊరందరి పనీ అంటుంది మా ఆవిడ.

తాళంచెవులు పోగొట్టుకునే బాధ పడలేక రెండేళ్ళ క్రితం అన్ని గదులకూ అంకెలు నొక్కితే తెరుచుకునే ఎలక్ట్రానిక్ తాళాలు పెట్టించాం. తాళానికి నాలుగు సెల్లులు. పద్నాలుగు తలుపులకు యాభై ఆరు. మొదటి ఏడాది వాటితో వచ్చిన సెల్లులే నడిచాయి. తరవాత మార్చే పని నా నెత్తిన పడింది. కొట్టువాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి రెండోదానిలో మూడోవంతు ధర. సంఘం డబ్బు పొదుపు చేస్తున్నానన్న సంతోషంతో చవకవే కొన్నాను. అంతటితో ఆగానా? పాతవాటిలో ఇంకా ప్రాణం ఉన్నవి ఏరి, తలుపుకి రెండు పాతవి, రెండు కొత్తవి వేయించాను. ఆ మిగులు గురించి సంఘం మీటింగులో కాస్త గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మాఘమాసం వచ్చింది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోను.

"బాబాయిగారూ, తలుపు తెరుచుకోవడం లేదండీ!" బట్టలు కుట్టే ఆవిడ. గొంతులో ఏడుపు వినిపిస్తోంది. పెళ్ళికూతురి పట్టుచీరలకు కుచ్చులు కట్టి, ఎనిమిది జాకెట్లు కుట్టి, అర్ధరాత్రి పూర్తిచేసి గదిలో పెట్టి వెళ్ళింది. ముహూర్తం ఏడింటికి. పెళ్ళివారి కారు కింద నిలబడి ఉంది.

"అంకెలు సరిగా నొక్కావా అమ్మా?"

"మా అమ్మాయి పుట్టినరోజండీ. ఎలా మరిచిపోతాను?"

(ఆ అంకెను ఆ మర్నాడే మార్పించాను లెండి.)

"అవసరానికి ఒక తాళంచెవి ఇచ్చారు కదా?"

"అది లోపల బల్ల సొరుగులో భద్రంగా ఉందండీ."

పంచె సర్దుకుంటూ వెళ్ళేసరికి పెళ్ళికూతురి మేనమామ తలుపు బద్దలుకొట్టే విషయం వాచ్‌మన్‌తో చర్చిస్తున్నాడు. అంకెలు నొక్కితే దీపాలు వెలుగుతున్నాయి, కాని లోపల టిక్కుమని చప్పుడై ఆగిపోతోంది. తాళం పాడైపోయిందనే అందరమూ అనుకున్నాం. వాచ్‌మన్ పోయి పక్కవీధి ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి నిద్రలేపి తెచ్చాడు. వాడు తాళం వంక చూడనైనా చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని దాని అడుగున తడిమాడు. అక్కడ కందిగింజలంత రెండు లోహపు చుక్కలున్నాయి. తన మీటరు వెనక మూత విప్పి, అందులోని తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ ఊడదీసి, ఆ చుక్కలకు ఆనించి పట్టుకుని, "ఇప్పుడు నొక్కండమ్మా" అన్నాడు. గడియ జారింది. చీరలు కారెక్కేసరికి ఐదుంబావు.

తరవాత ఆ సెల్లులు బయటికి తీసి చూపించాడు. పాతవాటిలో ఒకదాని అంచున తెల్లటి పొడి ఊరి ఉంది. "ఇవి ఎవరు వేశారు సార్?" అన్నాడు. నేను మెట్లవైపు చూశాను.

ఆ కుర్రాడు చెప్పినదీ, నేను చదివి తెలుసుకున్నదీ ఇది. దీపాలు వెలగడానికి చిటికెడు విద్యుత్తు చాలు. గడియ లాగాలంటే మాత్రం లోపలి మోటారు తిరగాలి; దానికి ఆ క్షణంలో ఒక పెద్ద గుక్క కావాలి. చవక సెల్లు ఆ గుక్క ఇవ్వలేదు. 1866లో ఫ్రెంచివాడు లెక్లాంషే తయారుచేసిన జింకు, కార్బను సెల్లు సంతానమే అది. గడియారానికీ, రిమోట్‌కీ అది చాలు. కెనడాలో పుట్టిన లూయిస్ అర్రీ అనే రసాయన ఇంజనీరు 1950లలో రూపొందించిన ఆల్కలైన్ సెల్లులోనూ జింకూ, మాంగనీసూ ఉంటాయి. కాని జింకు పొడి రూపంలో ఉంటుంది, మధ్యన పొటాషియం హైడ్రాక్సైడు ఉంటుంది. అందుచేత అడిగినప్పుడు దండిగా ఇస్తుంది.

రెంటినీ గుర్తుపట్టడానికి కొట్టువాణ్ణి అడగనక్కర్లేదు. ఒంటిమీద సన్నటి అక్షరాలుంటాయి. ఆర్6 అని ఉంటే చవక రకం. ఎల్ఆర్6 అయితే ఆల్కలైన్. హెచ్ఆర్6 మళ్ళీ ఛార్జి చేసుకునేది, ఎఫ్ఆర్6 లిథియం. ఇప్పుడు నేను కళ్ళజోడు లేకుండా సెల్లు కొనను.

పాతా కొత్తా కలపడం నేను చేసిన రెండో ఘనకార్యం. నాలుగింటిలో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. మిగతావి ఆ ఖాళీ సెల్లు గుండా బలవంతంగా విద్యుత్తు నెడతాయి, అది కారడం మొదలెడుతుంది. ఆల్కలైన్ సెల్లు కారిన పొడి చర్మాన్ని కాలుస్తుంది కనుక చేతికి తొడుగు వేసుకుని, నిమ్మరసం అద్దిన దూదిపుల్లతో తుడవాలి. నేలమీద వేసి ఎగిరితే ఖాళీ అన్నమాట అనే పరీక్ష మా ట్యూషన్ పిల్లలకు బాగా ఇష్టం. కాని సగం బలమున్న సెల్లు కూడా ఎగురుతుంది. మీటరు పెట్టి చూసినా, పని చెప్పకుండా కొలిస్తే నీరసించిన సెల్లు మంచి అంకే చూపిస్తుంది.

ఆడిటరుగారు ఛార్జి చేసుకునేవే కొందామని పట్టుబట్టారు. ఐదేళ్ళ లెక్క కాగితం మీద వేసి చూపించారు. లెక్క తప్పు కాదు. కాని ఆ సెల్లుకు 1.2 వోల్టులే, నాలుగు కలిపితే 4.8. ఆల్కలైన్ నాలుగైతే 6. పైగా అది చివరిదాకా నిబ్బరంగా ఉండి హఠాత్తుగా పడిపోతుంది. ఆల్కలైన్ కొలతకు చేసిన తాళం ఎర్రదీపం వెలిగించి హెచ్చరించేలోగా పని అయిపోతుంది. లిథియందీ అదే ధోరణి. మంచు కురిసే దేశాల్లో బయటి తలుపులకు అది అవసరమే, బెజవాడలో ఆ ఖర్చు దేనికి? మనకు శత్రువు ఎండ. పడమటి ఎండ తగిలే తలుపుల్లో సెల్లులు త్వరగా నీరసిస్తాయి. అలాగని నిల్వ సెల్లులు ఫ్రిజ్‌లో పెడితే తేమ పడుతుంది. నీడపట్టున బీరువాలో ఉంటే చాలు. ఏమైనా తాళంతో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం వెయ్యమని ఉందో అదే వేయడం క్షేమం. ఆ పుస్తకం మేము పెట్టెతోపాటు పారేశాం, మళ్ళీ తెప్పించాను.

ఆరా తీస్తే ఇంకో సంగతి బయటపడింది. వారం రోజులుగా ఆ తాళం కొత్త రాగం తీస్తోందట. "ముచ్చటగా ఉందనుకున్నానండీ" అంది ఆవిడ. అది సెల్లులు మార్చమన్న మొర.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టాను. తలుపు నంబరు, సెల్లులు వేసిన తేదీ, సెల్లు మీద అచ్చువేసిన గడువు అందులో ఉంటాయి. మారిస్తే నాలుగూ ఒకేసారి, ఒకే రకం. తాళం మొరపెట్టినా పెట్టకపోయినా ఏటా సంక్రాంతి ముందు అన్నీ మారుస్తాం. కాస్త బలమున్న పాతవి గడియారాలకు పోతాయి. పూర్తిగా అయిపోయినవి చెత్తబుట్టలో వేయకుండా డబ్బాలో పోగుచేసి, వెనక్కి తీసుకునేచోట ఇస్తున్నాం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదార్లది.

ఆ పుస్తకం పట్టుకుని గదిగదికీ తిరిగినప్పుడు, సెల్లులు తీసేసి లోపలినుంచి పిడి తిప్పి చూశాను. పద్నాలుగూ తెరుచుకున్నాయి. ట్యూషన్ గదిలో ముప్ఫై మంది పిల్లలుంటారు కదా, అక్కడ రెండుసార్లు తిప్పాను. కింది అద్దాల తలుపు అయస్కాంతం తాళం మాత్రం వేరే జాతి. దానికి ఇంటి కరెంటు, వెనక ఒక బ్యాటరీ. రెండూ పోతే అది తెరుచుకునే ఉంటుంది. నిప్పంటుకుంటే జనం బయటపడాలని అలా చేశారు. కనుక ఆ తలుపు దగ్గర వాచ్‌మన్ నిద్రపోకూడదు. ఆ మాట అతనికి చెప్పాను. ఎంతవరకు ఎక్కిందో తెలియదు.

కొన్ని తాళాలకు ఆ చుక్కల బదులు ఫోను ఛార్జరు దూరే రంధ్రం ఉంటుందట. మాకు చుక్కలే. పెళ్ళయిన మర్నాడు లడ్డూల పొట్లం వచ్చింది. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ కుర్రాడూ వచ్చాడు.

"సార్, నా బ్యాటరీ ఇక్కడే ఉండిపోయింది. మీటరు పనిచెయ్యడం లేదు."

చదరపు బ్యాటరీలు రెండు కొన్నాను. ఒకటి వాడికిచ్చాను. రెండోది వాచ్‌మన్ టార్చిలైటు పక్కన మేకుకు సంచిలో వేలాడుతోంది.