వేళ్ల సందుల్లో దురదా? ట్యూబు వెనక చదివారా!

వానాకాలంలో మా అచ్చంపేట వైపు రెండు రకాల వాళ్లకు కాళ్లు ఒరుస్తాయి. పొద్దంతా బురదలో నాట్లేసే అమ్మలకు, తడి షూతోనే తెల్లారి రన్నింగ్‌కు పోయే కానిస్టేబుల్ అభ్యర్థులకు. చిటికెన వేలి సందు విప్పి చూడండి. తోలు తెల్లగా నాని, పొట్టు లేస్తుంటది. ఒరుపంతా ఫంగస్ కాదు గానీ, నానిన తోలు దొరికితే ఫంగస్ అక్కడే కాపురం పెడతది. పేరుకే అది అథ్లెట్స్ ఫుట్, ఆటలాడని వాళ్లకూ వస్తది.

మా దోస్తు ఒకడు గోకి గోకి ఓ మెడికల్ షాపులో "దురద మందు" అడిగాడు. ఇచ్చిన ట్యూబులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసోల్ అనే స్టెరాయిడ్ కూడా ఉంది. రెండు రోజుల్లో దురద మాయం. మూడు వారాలకు తొడ సందుల్లో తామర! స్టెరాయిడ్ దురదను, ఎరుపును అణుస్తది, ఫంగస్‌ను చంపదు. పైగా చర్మానికి దాంతో కొట్లాడే శక్తి తగ్గిస్తది. 2018లో కేంద్రం పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు. మన దగ్గర తామర ఇంత మొండిగా మారడానికి ఈ మిక్స్ క్రీములూ ఒక కారణమని చర్మ డాక్టర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2020లో పేరు పెట్టిన ఒక మొండి ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరే తగిలించారు. గొప్ప చెప్పుకునే సంగతేం కాదు.

కాబట్టి ట్యూబు వెనక చిన్నక్షరాలు చదవండి. క్లోబెటసోల్, బెటామెథసోన్, మొమెటసోన్ కనిపిస్తే డాక్టర్ చెప్పకుండా పూయొద్దు. మామూలు ఒరుపుకు ఒట్టి క్లోట్రిమజోల్ క్రీము చాలు. రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు. దురద ముందే పోతది, అప్పుడే ఆపితే మళ్లీ మొదలు.

స్నానమయ్యాక వేళ్ల సందులు విడిగా ఓ గుడ్డతో తుడవండి. కాటన్ సాక్సులు రోజూ మార్చాలి. షూ ఒక్క జతే ఉంటే రాత్రి పాత పేపర్ కుక్కండి, తడి పీలుస్తది. హాస్టల్ బాత్రూంలోకి చెప్పులతోనే పోండి. ఇంకోటి, ముందు సాక్సులు తొడుక్కుని తర్వాతే డ్రాయర్ వేసుకోండి. నవ్వొస్తది గానీ, పాదాల ఫంగస్ గజ్జల్లోకి ఎక్కే దారి అదే.

నాట్లకు పోయే అమ్మకు సాక్సుల ముచ్చట చెప్తే నవ్వుతది. పొలం నుంచి రాగానే సబ్బుతో కడిగి, సందులు పొడిగా తుడుచుకోమనండి. షుగర్ ఉన్నోళ్లు మాత్రం సొంత వైద్యం చేయొద్దు. ఎవరికైనా సరే కాలు ఎర్రబడి వాచి జ్వరమొస్తే, పగుళ్లలోంచి బ్యాక్టీరియా లోపలికి పోయి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.