ముఖం చూసి మురిసిపోకండి... వీపు చూసి కొనండి!

వాచీ కొనడానికి వెళ్తే అందరం ముందు డయల్ చూస్తాం. ఆ తర్వాత ధర చీటీ చూస్తాం. అది ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పే వివరాలు మాత్రం వెనక మూత మీద ఉంటాయి. దాన్ని తిప్పి చూసేవాళ్లు ఎంతమంది? రోజూ పెట్టుకునే వాచీలో ఏం చూడాలో, దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో తెలుసుకుందాం.

పదో తరగతి పాసైతే వాచీ. ఉద్యోగంలో చేరితే వాచీ. పెళ్లిలో అల్లుడికి వాచీ. రిటైరైన రోజు ఆఫీసు వాళ్లంతా కలిసి చేతికి తొడిగేదీ వాచీయే. తెలుగిళ్లలో దానికి ఉన్న మర్యాద అలాంటిది.

సెల్‌ఫోన్ వచ్చాక వాచీ పని అయిపోయిందన్నారు. కానీ బండి నడుపుతూ ఫోను తీయలేం. పిండి చేతులతో దాన్ని ముట్టుకోలేం. రోగి నాడి చూసే నర్సుకు ఓ చేయి రోగి మణికట్టు మీదుంటే, చూపు సెకన్ల ముల్లు మీదే ఉండాలి. పైగా టైము చూద్దామని ఫోను తీస్తే పావుగంట దాంట్లోనే పోతుంది!

అందుకే వాచీ కావాలి. అయితే సరైనది దొరకడమే కష్టం. పూత ఊడినదొకటి, అద్దం నిండా గీతలు పడినదొకటి, వానకు లోపల ఆవిరి పట్టి ఆగిపోయినదొకటి... ఇలా ప్రతి ఇంట్లో సొరుగులో రెండు మూడైనా మూలుగుతుంటాయి. వాటన్నిటికీ పెట్టిన డబ్బు ఒకేసారి పెట్టుంటే పదేళ్లు నిలిచే వాచీ వచ్చేది. అలాగని ఖరీదైనవన్నీ గట్టివీ కావు, నిక్కచ్చిగా తిరిగేవీ కావు.

ధరకూ టైముకూ లంకె లేదు

1961లో బెంగళూరులో హెచ్ఎంటీ సంస్థ జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాయంతో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్... ఈ పేర్లు మన తాతలకూ నాన్నలకూ బాగా తెలుసు. పొద్దున్నే లేచి కీ ఇవ్వడం, రేడియోలో వార్తల ముందు వచ్చే బీప్ శబ్దాలకు ముల్లు సరిచేసుకోవడం అప్పట్లో ఇంటింటి దినచర్య. ఎందుకంటే కీ వాచీ లోపలున్న స్ప్రింగుతో, పళ్లచక్రాలతో నడుస్తుంది. రోజుకు పదిహేను సెకన్లు తేడా వచ్చినా అది బాగా తిరుగుతున్నట్టే లెక్క. నెల తిరిగేసరికి ఆ తేడా ఏడున్నర నిమిషాలవుతుంది.

ఈ లెక్కను తిరగరాసింది క్వార్ట్జ్ వాచీ. 1969 డిసెంబరు 25న జపాన్ కంపెనీ సీకో 'ఆస్ట్రాన్' పేరుతో మొట్టమొదటిదాన్ని అమ్మకానికి పెట్టింది. ధర నాలుగున్నర లక్షల యెన్లు. ఆ డబ్బుతో ఆ రోజుల్లో అక్కడ ఓ చిన్న కారు వచ్చేదట! ఇప్పటి మామూలు క్వార్ట్జ్ వాచీల్లో సెల్లు నుంచి కరెంటు అందగానే ఓ చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కపెట్టి, సెకనుకోసారి ముల్లును కదిలించే పని చిప్‌ది.

ఒకప్పుడు కారు ధర పలికిన ఆ పరిజ్ఞానం ఇప్పుడు కొద్ది వందల రూపాయల వాచీలోనూ ఉంది. మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు పదిహేను నుంచి ముప్ఫై సెకన్లకు మించి తేడా చూపించదు. స్విట్జర్లాండ్‌లో 'క్రోనోమీటర్' ధ్రువపత్రం పొందే లక్షల రూపాయల ఆటోమేటిక్ వాచీలకు అక్కడి సంస్థ పెట్టిన హద్దేమిటో తెలుసా? రోజుకు నాలుగు సెకన్ల ఆలస్యం నుంచి ఆరు సెకన్ల ముందు వరకు. అంటే టైము నిక్కచ్చిగా ఉండటమే మీకు ముఖ్యమైతే లక్షలక్కర్లేదు, క్వార్ట్జ్ చాలు. ఆటోమేటిక్ వాచీని దాని పనితనం మీద ముచ్చటతో కొనుక్కోవాలి. నాలుగైదేళ్లకోసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించే ఓపిక, ఖర్చు కూడా పెట్టుకోవాలి.

కాబట్టి మీ బడ్జెట్ ఎంతైనా... టైము కోసం ఎక్కువ పెట్టకండి. మిగిలిన డబ్బంతా ఒంటికి, అద్దానికి, నీళ్లను ఆపే శక్తికి పెట్టండి. మన్నికంతా వాటిలోనే ఉంది.

తిప్పి చూడండి

ఇప్పుడు వాచీని బోర్లించండి. వెనక మూత మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని కనిపించగానే చాలామంది వాచీ మొత్తం స్టీలే అనుకుంటారు. ఆ మాటకు అర్థం వెనక మూత ఒక్కటే స్టీలని! అలాంటప్పుడు మిగతా ఒళ్లు సాధారణంగా ఇత్తడో మరో చవక లోహమో అయ్యుంటుంది, పైన పూత. ఉక్కపోతలో ఎప్పుడూ చెమట పట్టే మన చేతుల మీద ఆ పూత ఎంతో కాలం నిలవదు. ముందు అంచుల్లో పసుపు రంగు బయటపడుతుంది, తర్వాత పచ్చటి చిలుం పడుతుంది. కొందరికి పూతలోని నికెల్ పడక చర్మం దద్దుర్లెక్కుతుంది.

'ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్' అని ఉంటేనో, కంపెనీ ఇచ్చిన వివరాల్లో కేసు కూడా స్టీలని రాసి ఉంటేనో ఆ బెడద ఉండదు. పైకి స్టీలులా కనిపించే తేలికపాటి వాచీలు కొన్ని ప్లాస్టిక్‌వి. అందులో తప్పులేదు. మంచి రెసిన్ కేసు తుప్పు పట్టదు, దెబ్బలకు ఓర్చుకుంటుంది. పూతను చూసి బంగారమనో, స్టీలనో మోసపోకపోతే చాలు.

30 మీటర్లంటే 30 మీటర్లు కాదు!

వెనక మూత మీదే కనిపించే మరో మాట 'వాటర్ రెసిస్టెంట్'. పక్కన 30 మీటర్లనో, 3 బార్ అనో ఉంటుంది. అది చూసి వాచీతో బావిలోకి దూకారో... ఇక అంతే! ఆ అంకె ఫ్యాక్టరీలో కొత్త వాచీ తట్టుకున్న ఒత్తిడిని చెబుతుంది. అంత లోతుకు వెళ్లొచ్చని కాదు. మన వాడకానికి దాన్ని ఇలా చదువుకోవాలి.

30 మీటర్లు: చేతులు కడుక్కున్నప్పుడు పడే చుక్కలు, చిన్న జల్లు.

50 మీటర్లు: వానలో బండి ప్రయాణం, గిన్నెలు తోమడం.

100 మీటర్లు: ఈత, చెరువు, సముద్రపు ఒడ్డు.

200 మీటర్లు: ఇంకా గట్టి వాడకానికి.

రోజూ పెట్టుకునే వాచీకి 50 మీటర్లు కనీసం ఉండాలి, 100 ఉంటే నిశ్చింత. అయితే ఏ అంకె ఉన్నా వేడినీళ్ల స్నానానికి తీసి పక్కన పెట్టడమే మంచిది. నీళ్లను ఆపేది మూత కింద ఉండే సన్నటి రబ్బరు రింగు. వేడికీ సబ్బుకూ అది పాడవుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. పక్కనున్న కీని బయటికి లాగి ఉంచినా, తడిలో బటన్లు నొక్కినా నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. అద్దం కింద ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టి ఎదురుచూడొద్దు. అదే రోజు రిపేరు షాపుకు తీసుకెళ్లి విప్పించండి. ఆలస్యమైతే లోపలి భాగాలు తుప్పు పడతాయి.

అద్దానికి శత్రువు ఇసుక

మూడు రకాల అద్దాలుంటాయి. పాత కీ వాచీల్లో, చవక డిజిటల్ వాచీల్లో ఉండేది అక్రిలిక్. అంటే ప్లాస్టిక్. తేలిగ్గా గీతలు పడుతుంది కానీ అంత సులువుగా పగలదు. చిన్న గీతలైతే టూత్‌పేస్టుతో మెల్లగా రుద్దినా పోతాయి. రెండోది మినరల్ గ్లాసు. మధ్యతరగతి ధరల్లో ఎక్కువగా ఉండేదిదే. మూడోది సఫైర్. ఇది కృత్రిమంగా తయారుచేసిన నీలం, గట్టిదనంలో వజ్రం తర్వాతి మెట్టు.

ఇంట్లో గాజుకు గీతలు ఎలా పడతాయన్న అనుమానం రావచ్చు. ఇసుకలో ఉండేదీ, వంటింటి గ్రానైటు బండలో మెరిసేదీ క్వార్ట్జ్ ఖనిజమే. అది మామూలు గాజు కన్నా గట్టిది, సఫైర్ కన్నా మెత్తనిది. అందుకే బండకు రాసుకుంటే మినరల్ గ్లాసు మీద గీత పడుతుంది, సఫైర్ మీద పడదు. కాకపోతే గట్టి దెబ్బ తగిలితే సఫైర్ కూడా పగలొచ్చు. డబ్బు సరిపోతే సఫైర్, లేదంటే చుట్టూ ఉన్న అంచు కన్నా కాస్త లోపలికి దిగి ఉన్న మినరల్ గ్లాసు ఎంచుకోండి. అంచు దెబ్బ కాచుకుంటుంది.

నాన్న వాచీ పగిలితే...

జపాన్‌లో కాసియో కంపెనీ ఇంజినీరు కికువో ఇబె తండ్రి ఇచ్చిన వాచీని చేజార్చుకున్నాడు. అది కిందపడి ముక్కలైంది. కింద పడినా పగలని వాచీ చేయాలన్న ఆలోచన అతనికి అక్కడే పుట్టింది. 1981లో మొదలుపెట్టి, మూడో అంతస్తు కిటికీలోంచి నమూనాలు పడేస్తూ పరీక్షించాడు. దాదాపు రెండొందలు పగిలాయి. బయట ఎంత మందంగా కట్టినా లోపలి భాగాల్లో ఏదో ఒకటి విరిగేది. ఓ రోజు పార్కులో ఓ పాప బంతి కొడుతుంటే చూశాడు. బంతి మధ్యలో ఏదైనా తేలుతూ ఉంటే దానికి దెబ్బ తగలదు కదా అనిపించింది. వాచీ యంత్రాన్ని కేసుకు పూర్తిగా ఆనకుండా కొద్దిచోట్ల మాత్రమే మెత్తగా నిలబెట్టాడు. అలా 1983లో 'జీ-షాక్' వచ్చింది.

నిర్మాణంలో, పొలంలో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకూ, ఆటలాడే పిల్లలకూ ఇప్పటికీ ఆ తరహా వాచీయే నప్పుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే అదే కంపెనీ 1989లో తెచ్చిన 'ఎఫ్-91డబ్ల్యూ' ఉంది. రెండు వేల లోపే దొరుకుతుంది, ఒక్క సెల్లుతో సుమారు ఏడేళ్లు నడుస్తుందని కంపెనీ మాట. దీనికి నకిలీలు బోలెడు. కుడివైపు బటన్‌ను మూడు సెకన్లు నొక్కి ఉంచితే అసలు వాచీలో కంపెనీ పేరు కనిపిస్తుంది.

సెల్లు మార్చేచోట...

మంచి వాచీని పాడుచేసే పని చాలాసార్లు సెల్లు మార్చినప్పుడే జరుగుతుంది. ముల్లు వాచీల్లో ఎక్కువగా వాడే 626 సైజులో రెండు రకాలున్నాయి. 'ఎస్ఆర్'తో మొదలయ్యేది సిల్వర్ ఆక్సైడ్, 'ఎల్ఆర్'తో మొదలయ్యేది ఆల్కలైన్. రెండోది చవక. కానీ త్వరగా నీరసిస్తుంది, లోపల కారే ప్రమాదమూ ఎక్కువే. నాలుగు డబ్బులెక్కువైనా 'ఎస్ఆర్' అడగండి. మూత తీసినప్పుడే రబ్బరు రింగును చూసి, ఎండిపోతే మార్చమనండి. కొన్ని వాచీల్లో సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతడం మొదలుపెడుతుంది. అది సెల్లు అయిపోతోందన్న సూచన. ఆగిపోయిన వాచీని సెల్లుతో సహా సొరుగులో పడేయొద్దు. అది కారితే లోపలి సర్క్యూట్ పోతుంది.

ఈ గొడవే వద్దనుకుంటే వెలుతురుతో నడిచే సోలార్ వాచీలున్నాయి. కిటికీ వెలుతురైనా చాలు. అల్మారాలో చీకట్లో నెలల తరబడి దాచేవాళ్లకు మాత్రం పనికిరావు. ఇక స్మార్ట్ వాచీ టైము తప్పదు కానీ తరచూ చార్జింగ్ పెట్టాలి. కొన్నేళ్లకు బ్యాటరీ నీరసించాక బాగుచేయించడం కష్టం. దాన్ని చిన్న ఫోనుగా చూడండి, పిల్లలకు దాచి ఇచ్చే వాచీగా కాదు.

పాత హెచ్ఎంటీల మీద మోజున్నవాళ్లకు ఓ హెచ్చరిక. హెచ్ఎంటీ వాచెస్ కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో నిర్ణయించింది. ఆ తర్వాత పాత యంత్రాలకు కొత్త రంగుల డయల్ వేసి 'సరికొత్త'వని అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. అంతకన్నా మీ తాతగారి వాచీనే మంచి పనివాడి చేత శుభ్రం చేయించుకోవడం మేలు.

ఇంట్లోనే పరీక్ష

మన దేశానికంతటికీ ఒకే సమయాన్నిచ్చే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గర్లోంచే వెళ్తుంది. ఆ సమయాన్ని అణు గడియారాలతో కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. నెట్‌వర్క్ ద్వారా సరిచేసుకునే మీ ఫోను టైముకు వాచీని సెకన్లతో సహా కలపండి. నెల తర్వాత చూడండి. తేడా అర నిమిషం లోపుంటే క్వార్ట్జ్ వాచీ బాగున్నట్టే. అంతకు మించితే గ్యారంటీ ఉండగానే కొన్నచోట చూపించండి.

దుకాణంలో ఇవి మర్చిపోకండి

* కేసు మొత్తం స్టీలేనా, వెనక మూత ఒక్కటేనా?

* నీళ్ల అంకె 50కి తగ్గకూడదు.

* బెల్టు వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటైతే మార్చుకోవడం తేలిక. చెమట ఎక్కువ పట్టేవాళ్లకు తోలు బెల్టు కన్నా స్టీలు చెయినో, రబ్బరో నయం. బెల్టును పట్టి ఉంచే చిన్న స్ప్రింగు పిన్నులు ఏడాదికోసారి చూసుకోండి. చాలా వాచీలు జారిపోయేది అవి ఊడే.

* పెద్దవాళ్లకైతే తెల్ల డయల్, నల్ల అంకెలు, నల్ల ముళ్లు. అద్దాల్లేకుండా చదవగలిగితేనే కొనండి.

* పరీక్షలు రాసే పిల్లలకైతే హాల్ టికెట్ మీది నిబంధనలు చదవండి. నీట్‌లాంటి పరీక్షలకు మామూలు వాచీని కూడా రానివ్వరు.

* మీ ఊళ్లోనో, దగ్గరి పట్నంలోనో సర్వీసు సెంటరుందా? బిల్లు మీద మోడల్ నంబరు, గ్యారంటీ కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర వేయించుకున్నారా?

ఈ ప్రశ్నలకు సరైన జవాబులొస్తే అప్పుడు వాచీని ముందుకు తిప్పి, డయల్ నచ్చిందో లేదో చూసుకోండి. రోజుకు పాతికసార్లు చూడాల్సిన ముఖం కదా... అది కూడా ముఖ్యమే!