తుక్కు సంచిలో ఇత్తడి ఎంత?

పాత ఇల్లు విప్పినప్పుడో, తాతల నాటి బీరువా చెక్క పుచ్చిపోయినప్పుడో చివరికి ఒక సంచి మిగులుతుంది. సొరుగుల పిడులు, తలుపు బందులు, గొళ్ళేలు, గడియలు, తాళం కప్పలు, పందిరిమంచం గుబ్బలు అన్నీ అందులోనే. వీధిలోకి పాత సామాన్ల బండి రాగానే ఆ సంచి మొత్తం ఇనుము లెక్కన తూకానికి వెళ్ళిపోతుంది. నష్టపోయేది అక్కడే.

సంచి 6 కిలోలు ఉందనుకుందాం. అందులో ఇనుము మూడున్నర కిలోలు, ఇత్తడి 2 కిలోలు, జింకు పోత సామాను అర కిలో. తుక్కు ధరలు రోజూ మారతాయి కాబట్టి లెక్క కోసమే కిలో ఇనుము రూ.30, ఇత్తడి రూ.450, జింకు రూ.120 అని పెట్టుకుందాం. కలిపి ఇనుము ధరకు ఇచ్చేస్తే చేతికొచ్చేది రూ.180. వేరు చేసి ఇస్తే 105, 900, 60 కలిపి రూ.1,065. బరువులో మూడో వంతు ఉన్న ఇత్తడి, డబ్బులో దాదాపు 85 శాతం తెచ్చింది.

మొదటి పరీక్ష: అయస్కాంతం

అయస్కాంతం గట్టిగా అంటుకుంటే లోపల ఉన్నది ఇనుమో, ఉక్కో. పైన ఎంత పచ్చగా మెరిసినా అది పూతే. అంటుకోకపోతే ఇత్తడి, రాగి, కంచు, జింకు, అల్యూమినియంలలో ఏదైనా కావచ్చు. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అంటుకోదు. అందుకే వస్తువు వెనకవైపు, కంటికి కనపడని చోట ఆకురాయితో సన్నగా ఒక గీత గీయాలి. గీతలో పసుపు కనిపిస్తే ఇత్తడి. ఎరుపు తిరిగితే రాగి, లేదా రాగి పాలు ఎక్కువున్న లోహం. పైన పసుపు ఉండి గీతలో తెలుపు వస్తే పూత వేసిన జింకు పోత అని అనుమానించాలి.

రెండో పరీక్ష: నీటి తూకం

వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నాకు తేవాలి. ముందే విడిగా తూచుకున్న వస్తువును దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచాలి. కాటా చూపే గ్రాములే ఆ వస్తువు పరిమాణం, ఘన సెంటీమీటర్లలో. విడి బరువును దానితో భాగిస్తే సాంద్రత తెలుస్తుంది.

ఉదాహరణకు 340 గ్రాముల పిడి నీళ్ళలో 40 చూపితే సాంద్రత 8.5, అంటే ఇత్తడి. అదే బరువుకు 51 చూపితే సుమారు 6.7, అంటే జింకు మిశ్రమం. గుర్తుంచుకోవలసిన అంకెలు ఇవి: అల్యూమినియం 2.7, జింకు మిశ్రమం 6.7, ఇనుము 7.9, ఇత్తడి 8.4 నుంచి 8.7, రాగి 8.96, సీసం 11.3. చిన్న వస్తువులైతే ఒకే రకానివి పది కలిపి తూచాలి, లేకపోతే ఒక గ్రాము తేడా కూడా లెక్కను తప్పిస్తుంది. లోపల బోలుగా ఉన్నవాటికీ, ఇనప మర బిగించి ఉన్నవాటికీ ఈ పరీక్ష పనికిరాదు. ముందు మరలు విప్పాలి. ఇత్తడిలో ఇనుము కలిసి ఉంటే కొనేవారు ధర తగ్గిస్తారు కూడా.

వయసు చెప్పే గుర్తులు

లోహం వయసునూ పట్టిస్తుంది. అల్యూమినియం కలిపిన ఈ జింకు మిశ్రమాన్ని జమాక్ అంటారు. అమెరికాలో 1929లో వచ్చింది. కాబట్టి జమాక్ పిడి అంతకు ముందుది కాలేదు. తలపై ప్లస్ గాడి ఉన్న స్క్రూకు హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు 1936లో దక్కాయి. పాత బీరువాకు ప్లస్ స్క్రూ కనిపిస్తే, ఆ బీరువా అయినా తర్వాతిది, స్క్రూ అయినా మార్చినది. గాడి మధ్యకు లేకుండా, మర చుట్లు ఎగుడుదిగుడుగా ఉంటే చేత్తో చేసినదని అర్థం.

తూకం ధర, వస్తువు ధర

తూకం ధర అంటే ఇంతకన్నా తగ్గకూడదన్న హద్దు. పనితనం ఉన్న వస్తువు విలువ అక్కడి నుంచి మొదలవుతుంది. పాత బల్లలు, తలుపులు బాగుచేయించుకునేవారికి జతలు కావాలి. ఒకేలాంటి ఎనిమిది పిడుల సెట్టుకు పలికే ధర, ఎనిమిది విడి పిడులకు రాదు. చెట్టినాడు ఇళ్ళ సామాను చేరే కారైకుడి దుకాణాలు, కొచ్చిలోని జ్యూ టౌన్ వీధి నడిచేది ఈ గిరాకీ మీదే.

అమ్మే ముందు చింతపండుతో తోమకండి. పులుపు పైపొరను తినేస్తుంది. జింకు కరిగి ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి పట్టిన ఆ నల్లటి ఛాయే పాతదనానికి సాక్ష్యం. పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. చెక్క బాగుంటే పిడులను ఊడదీయవద్దు. అవి అమర్చి ఉన్న బీరువాకే ఎక్కువ ధర వస్తుంది.

వందేళ్ళు దాటిన కళాత్మక వస్తువుల విషయంలో చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం అలాంటివాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. అనుమానం ఉంటే పురావస్తు శాఖను అడిగాకే అమ్మండి.

కరిగిన పిడి మళ్ళీ రాదు. దాన్ని పోతపోసి, ఆకురాయి పట్టి నునుపు చేసిన చేతుల పని కూడా దానితోనే కరిగిపోతుంది. బండివాణ్ణి పిలిచే ముందు సంచి నేలమీద కుమ్మరించి, అయస్కాంతం, కాటా దగ్గర పెట్టుకుని ఒక పూట కూర్చోండి. వేరు చేయకుండా ఏదీ తూకానికి ఇవ్వకండి.