స్నానానికెళ్లానా?

కార్తీక సోమవారం. తెల్లవారుజామున కోటిపల్లి రేవులో మూడు మునకలు వేసి, ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డ ఓ పెద్దాయన్ని ఊహించుకోండి. "నేను స్నానానికెళ్లానా?" అన్నారు. తడిపంచె ఒంటిమీదే ఉంది. "ఇప్పుడేగా వచ్చారండీ" అంది ఇల్లాలు. రెండు నిమిషాలాగి మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. భార్యను గుర్తుపడుతున్నారు. కొబ్బరితోట ఎవరికి కౌలుకిచ్చారో చెబుతున్నారు. ఈ పూట సంగతే నిలవడం లేదు.

గాలి సోకిందంటారు పక్కింటివాళ్లు. అల్జీమర్సేమోనని హైదరాబాదు నుంచి కొడుకు ఫోను. ఒక్క పూటలో ఊడిపడే జబ్బు కాదది. ఇలాంటి మరుపుకి 'ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియా' అని పేరు. ఫిషర్, ఆడమ్స్ అనే వైద్యులు 1964లో వివరంగా రాశారు. కొత్త సంగతుల్ని నమోదు చేసే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం కాసేపు పని మానేస్తుంది. కరణంగారు దస్తరం కట్టేసినట్టన్నమాట: పాత పద్దులు భద్రం, కొత్త పద్దు పడదు.

ఎక్కువగా 50 దాటినవాళ్లకే వస్తుంది. చన్నీటి మునక, బరువులెత్తడం, తట్టుకోలేని దుఃఖం దీన్ని రేపుతాయి. అసలు కారణం ఇంకా తేలలేదు. నాలుగైదు గంటల్లో, మహా అయితే 24 గంటల్లో తెరిపిన పడతారు. ఆ గంటలు మాత్రం జ్ఞాపకంలోకి తిరిగి రావు. చాలామందికి ఇంకోసారి రాదు కూడా.

అయితే అదేనని ఇంట్లోవాళ్లు తేల్చేయకూడదు. ఉపవాసముండి షుగరు మాత్ర వేసుకున్నా మనిషి తికమకపడతాడు. నా మటుకు ముందు అనుమానించేది దాన్నే. బీపీ మాత్రల్లో కొన్నిటికి ఒంట్లో సోడియం పడిపోయి తికమక రావచ్చు. ఫిట్స్ కావచ్చు. మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట ముద్దగా వస్తున్నా పక్షవాతమే అనుకోండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి. లంక ఊళ్లలో రేవు దాటడానికే ఎంత పొద్దు పోతుందో మీకు తెలుసు.

అందుకని, ఇంట్లో మిషనుంటే షుగరు చూడండి. తక్కువుండి, స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు పట్టండి. 108కి ఫోను చేయండి. అడిగిందే అడుగుతున్నారని కసురుకోకండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకోండి. గోడ గడియారం చూసి టైము రాసి పెట్టుకోండి. ఎన్నింటికి మొదలైందని డాక్టరుగారు అడుగుతారు, ఆ జవాబు పెద్దాయన దగ్గర దొరకదు.