‘వాడు నన్ను ఏడిపిస్తున్నాడు’ అని బిడ్డ చెబితే...



బడి నుంచి వచ్చిన బిడ్డ “వాడు నన్ను రోజూ ఏడిపిస్తున్నాడు” అంటే మన ఇళ్లలో సాధారణంగా వినిపించే జవాబులు రెండు. “ముందు నువ్వేం చేశావు?” అనేది మొదటిది. “పట్టించుకోకు, క్షమించేసెయ్, ప్రార్థన చేసుకో” అనేది రెండోది. మొదటి జవాబు బిడ్డను ముద్దాయిని చేస్తుంది. రెండోది భక్తిగా వినిపించినా, బిడ్డను ఒంటరిగా వదిలేస్తుంది. ఒకటి రెండుసార్లు ఇలాంటి జవాబు విన్న బిడ్డ మూడోసారి ఇక నోరు విప్పడు.

పిల్లల మధ్య జరిగే ప్రతి గొడవా వేధింపు కాదు. నార్వే దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ దీన్ని గుర్తుపట్టడానికి మూడు లక్షణాలు చెప్పారు. కావాలని బాధపెట్టడం, అది మళ్లీమళ్లీ జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం. సమానులైన ఇద్దరు స్నేహితులు పోట్లాడుకుంటే కూర్చోబెట్టి సర్దిచెప్పవచ్చు. కానీ ఒకడికి గుంపు బలమో, వయసు బలమో, కులం బలమో ఉండి, రెండోవాడికి ఏ అండా లేనప్పుడు “ఇద్దరూ చేతులు కలపండి” అనడం రాజీ అనిపించుకోదు. ఆ చెయ్యి కలిపిన సాయంత్రమే దెబ్బలు రెట్టింపు కావచ్చు.

వేధింపు అంటే దెబ్బలు మాత్రమే కాదు. రంగును, ఒడ్డూపొడుగును బట్టి పేర్లు పెట్టడం, టిఫిన్ బాక్సు లాక్కోవడం, ఆటలో చేర్చుకోకపోవడం, క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి నవ్వుకోవడం, అన్నీ అదే కోవలోకి వస్తాయి. మన ప్రాంతంలో దీనికి ఇంకో ముఖం ఉంది. “మీదేం కులం?” అన్న ప్రశ్నతో మొదలై, పక్కన కూర్చోకపోవడం దాకా సాగేది వివక్ష. అది పిల్లల నోట వచ్చినా, పెద్దల దగ్గర నేర్చుకున్నదే.

ఈ విషయంలో తెలుగు సంఘానికి ఒక చరిత్ర ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు మాదిగలు విశ్వాసులై రాసాగారు. వాళ్లను చేర్చుకుంటే తాము దూరమవుతామని అక్కడి అగ్రవర్ణాల వారు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరి కంటా పడింది ఒకే భాగమని చెబుతారు. అది 1 కొరింథీ 1:26-29. వాళ్లు పేదల పక్షాన నిలిచారు. ఆ నిర్ణయపు ఫలాలను నేటికీ అనుభవిస్తున్నది మనమే. అలాంటప్పుడు మన బిడ్డలు చదివే బడుల్లో, మన మిషన్ బోర్డింగుల్లో ఏ బిడ్డనైనా కులం పేరుతో చిన్నచూపు చూస్తే మనకు జవాబుదారీతనం లేదా?

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవడం కూడా అవసరం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాక, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూసే బాధ్యతను అదే చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. అయితే 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన సంస్థల స్వేచ్ఛను కాపాడడానికి వచ్చింది, మన బడుల్లో బెత్తాన్ని కాపాడడానికి కాదు. పైగా 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ఏ సంస్థనూ మినహాయించలేదు. తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించిన వారికి మూడేళ్ల వరకు, బిడ్డల సంరక్షణ చేపట్టిన సంస్థను నడిపేవారు, అందులో పనిచేసేవారు అయితే అయిదేళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది.

లైంగిక వేధింపు సంగతి ఇంకా గట్టిది. పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. “ఎవరైనా” అన్న మాటలో సంఘ కాపరులు, సండేస్కూలు టీచర్లు, బోర్డింగు వార్డెన్లు అందరూ ఉన్నారు. చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. “సంఘం పరువు పోతుంది, పెద్దల సమక్షంలో సర్దుకుందాం” అనడం నేరమే. సద్బుద్ధితో సమాచారం ఇచ్చిన వారికి మాత్రం అదే చట్టం రక్షణ ఇస్తుంది.

మరి తల్లిదండ్రులు ఏం చేయాలి? ముందు అడ్డు తగలకుండా వినండి. సెలవులు అయిపోతున్నాయంటే కడుపునొప్పి అనే బిడ్డను, పుస్తకాలు తరచూ చిరిగిపోయి వచ్చే బిడ్డను మెల్లగా అడగండి. ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో రాసి పెట్టుకోండి. ఫోనులో వచ్చిన మెసేజీలు తుడిచేయకండి. ఎదుటి పిల్లవాడి మీదికి మీరే వెళ్లకండి. ముందు క్లాసు టీచరుకు చెప్పండి, ఫలితం లేకపోతే హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి నకలు ఉంచుకోండి. అక్కడా కదలిక లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బిడ్డ కూడా స్వయంగా చేయవచ్చు. ఈ నంబరును ప్రతి బిడ్డకూ కంఠస్థం చేయించండి.

సంఘానికి ఒక మనవి. బాధలో ఉన్న బిడ్డ పేరును, బడిని ప్రార్థన మనవిగా వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మన జాలి ఆ బిడ్డకు రెండో అవమానం కాకూడదు. ఇంకో మాట కూడా మరవద్దు. ఏడిపించే పిల్లవాడు సైతం మన సండేస్కూలు బల్లమీదే కూర్చుని ఉండవచ్చు. అతణ్ణి వెలివేయనక్కర్లేదు, అలాగని వెనకేసుకు రానూకూడదు. చేసింది తప్పని తేటగా చెప్పి, సరిదిద్దాలి.

వీళ్లిద్దరికన్నా ఎక్కువ మంది చుట్టూ నిలబడి చూసే పిల్లలు. ఫిన్లాండులోని తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన ‘కివా’ కార్యక్రమం ముఖ్యంగా వీళ్ల మీదే దృష్టి పెట్టింది. చూసేవాళ్లు నవ్వడం మానేసి బాధితుడి పక్కన నిలబడితే వేధించేవాడి బలం తగ్గుతుందన్నది దాని ఆలోచన. మంచి సమరయుని కథ మన పిల్లలందరికీ తెలుసు. బడిలో పక్కకు తప్పుకుని పోయేది ఎవరో, ఆగి చెయ్యి అందించేది ఎవరో ఈ ఆదివారం వాళ్లనే అడగండి.

క్షమించమని బిడ్డకు తప్పకుండా నేర్పుదాం. కానీ ముందు ఆ బిడ్డను భద్రమైన చోట నిలబెడదాం. ఆ క్రమం మన చేతిలో తారుమారు కాకుండును గాక.