ఎగువ నిండాకే దిగువకు

నంద్యాల జిల్లా సంగమేశ్వరంలో ఏడు నదులు కలుస్తాయని ప్రతీతి. అక్కడి పాత శివాలయం ఏడాదిలో చాలా నెలలు కృష్ణా నదిపై కట్టిన శ్రీశైలం జలాశయంలోనే మునిగి ఉంటుంది. మట్టం తగ్గేకొద్దీ ముందు శిఖరం, ఆ తర్వాత గోడలు బయటపడతాయి. భక్తులు వెళ్లి పూజలు చేస్తారు. కొత్త వరద రాగానే గుడి మళ్లీ నీళ్లలోకి పోతుంది. డ్యామ్ కట్టకముందు గుడి ఇలా నెలల తరబడి మునిగి ఉండేది కాదు.

డ్యాములు మార్చింది ఆ గుడినొక్కదాన్నే కాదు, నది నడకనే. కృష్ణకు ప్రాణం పడమటి కనుమల వాన. జూన్‌లో అక్కడ చినుకు పడితే కొన్నాళ్లకు బెజవాడ దగ్గర ఎర్రనీళ్లు కనిపించేవి. ఇప్పుడా నీళ్లకు దారిలో ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఎదురవుతాయి. ఒకటి నిండితేనే మరొకదానికి వంతు. అన్నిటికన్నా చివర ఉన్నది డెల్టా. మృగశిర కార్తెలో నారు పోయాల్సిన రైతు, ఎగువన గేట్లు ఎప్పుడెత్తుతారా అని ఎదురుచూడాలి. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లను ప్రకాశం బ్యారేజీకి తోడుకోవాల్సి వచ్చిందీ ఇందుకే.

సముద్రం దాకా చేరేది మరీ తగ్గింది. 1901-1960 మధ్య కృష్ణ ఏటా సగటున సుమారు 2,000 టీఎంసీలను బంగాళాఖాతంలో కలిపేది. 2000 తర్వాతి కరవు ఏళ్లలో బ్యారేజీ దిగువకు దాదాపు ఏమీ వెళ్లలేదు. వరదతో పాటు రావాల్సిన ఒండ్రు కూడా డ్యాముల్లోనే ఆగిపోతోంది. నది తోయకపోతే పాయల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. డెల్టా కొసన ఉన్న దివిసీమ రైతుకు ఇది బావినీటి రుచిలోనే తెలుస్తుంది.

మరి ఇన్ని ఆనకట్టలున్నాయి కదా, వరద భయం పోయిందా? పోలేదు. ఏటా వచ్చే మామూలు వరదను అవి మింగేస్తాయి, పెనువరదను ఆపలేవు. 2009 సెప్టెంబరు ఆఖరుకు పలు జలాశయాలు చాలావరకు నిండి ఉన్నాయి. అప్పుడు కుండపోత మొదలైంది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. నిండిన కుండలో ఇంకెంత పడుతుంది? సాగుకూ కరెంటుకూ జలాశయం నిండుగా ఉండాలి, వరదను ఆపాలంటే ఖాళీగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు.

నదికంటూ కొంత నీరు వదలాలన్న మాట ఆలస్యంగానైనా వచ్చింది. రాష్ట్రాల మధ్య కృష్ణా జలాల పంపకాన్ని తేల్చే బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ కనీస ప్రవాహాల కోసం 16 టీఎంసీలు కేటాయించింది. ఒకప్పుడు కడలికి చేరిన నీటితో పోలిస్తే నూటికి ఒక పాలు కూడా కాదు. రాష్ట్రాల వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు చేరడంతో ఆ కాస్త వాటా కూడా కాగితం మీదే ఆగింది.