ఫిజీలో మనోళ్లు కట్టుకున్న బడులు

గోదావరిఖని నుంచి మళ్లీ వచ్చేసిన.

మొన్న మా చిన్నాయిన బిడ్డ ఇంటర్ అడ్మిషన్ ఫారం ముందర పెట్టుకొని అడిగింది: "అన్నా, సెకండ్ లాంగ్వేజ్ తెలుగు పెట్టాల్నా, సంస్కృతమా?" నేనైతే సంస్కృతమే తీసుకున్న. మార్కులు బాగా పడతాయని అందరూ అన్నారు, పడ్డాయి కూడా. ఇప్పుడు అడిగితే ఒక్క శ్లోకం రాదు. దానికి జవాబు చెప్పేముందు ఒక దేశం గురించి చదివిన. అదే ఈరోజు ఎపిసోడ్.

ఆ దేశం ఫిజీ. పసిఫిక్ సముద్రంలో 300కు పైగా దీవులు, జనం దాదాపు 9 లక్షలు. 1879 నుంచి 1916 దాకా బ్రిటిష్ వాళ్లు 60 వేల మందికి పైగా భారతీయులను ఐదేళ్ల ఒప్పందం మీద అక్కడికి పంపారు. ఎక్కువ మంది పని చెరకు తోటల్లోనే. అగ్రిమెంట్ అన్న మాట కూలీల నోట్లో 'గిర్మిట్' అయింది. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కించారు. గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల నుంచి మన తెలుగోళ్లు అట్లనే పోయారు.

మా తాత ఊరు వదిలి బాయి పనికి ఖనికి వచ్చిండు. ఇక్కడ సింగరేణి బడులున్నాయి. గిర్మిట్ కూలీలకు ఆ వసతి లేదు. కంపెనీకి కావాల్సింది చెరకు కొట్టే చేతులు. పిల్లల చదువు ఆ ఒప్పందంలో లేని మాట. 1920లో గిర్మిట్ పూర్తిగా రద్దయింది. మనోళ్లు తిరిగి రాలేదా అంటే, కొందరు వచ్చారు, చాలామంది అక్కడే ఉండిపోయి చందాలేసుకొని బడులు కట్టుకున్నారు.

1926లో సాధు కుప్పుస్వామి నాందిలో దక్షిణ భారతీయుల కోసం ఒక సంగం మొదలుపెట్టారు. పేరు తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం. ఇప్పటికీ ఎన్నో బడులు, లంబాసాలో ఒక నర్సింగ్ కాలేజీ నడుపుతున్నది. 1941లో తెలుగోళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. 1949లో నాందిలో శ్రీ వివేకానంద హైస్కూల్ మొదలైంది.

ఇప్పుడు ఆ సిస్టమ్ ఎట్ల నడుస్తదో చూద్దాం. 1 నుంచి 8 దాకా ప్రైమరీ, 9 నుంచి 13 దాకా సెకండరీ. సర్కారు నేరుగా నడిపే బడులు చాలా తక్కువ. బిల్డింగు, స్థలం, మేనేజ్‌మెంటు ఊరి కమిటీవో, సంఘాలవో, చర్చీలవో. టీచర్ల జీతాలు, సిలబస్, పరీక్షలు సర్కారువి. 2014 నుంచి ట్యూషన్ ఫీజు కూడా సర్కారే కడుతున్నది. అంటే బడి మీద ఊరికి హక్కుంది, ఖర్చులో పెద్ద భాగం సర్కారుది. పై చదువుకు సువాలో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ ఉంది. అది 1968లో పుట్టింది, పసిఫిక్‌లోని 12 దేశాలది. ఆ దేశాలన్నీ కలిసి నడుపుకుంటున్నాయి.

మరి తెలుగు సంగతి? సంగం వాళ్లు తమిళం, తెలుగు బడిలో చెప్పాలని కొట్లాడారు. కానీ చెరకు తోటల్లో అందరినీ కలిపిన మాట హిందీ. పరీక్షలు రాసేది, నౌకరీ ఇచ్చేది ఇంగ్లీష్. మధ్యలో తెలుగు పాటలకు, పండుగలకు, పేర్లకు జరిగిపోయింది. 2013 రాజ్యాంగం ప్రైమరీ బడులన్నిటిలో ఐతౌకీ, ఫిజీ హిందీ మాట్లాడే భాషలుగా తప్పనిసరిగా చెప్పాలంటది. అందులో తెలుగు పేరు లేదు. ఎవరూ నిషేధించలేదు, కానీ ఇంట్లో మాట్లాడుడు తగ్గినంక ఒక్క పీరియడ్‌తో భాషను పట్టుకొని ఉండుడు కష్టం.

మన దగ్గర 2018లో చట్టం వచ్చింది, తెలంగాణ బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. ఇంటర్‌కి వచ్చేసరికి మన చేతిలో ఉంటది. అక్కడ మనోళ్లు బడి కట్టుకొని మరీ అడిగిన పీరియడ్‌ను, నేను మార్కుల కోసం వద్దనుకున్న.

చెల్లెకు ఇదే చెప్పిన. "మార్కులు తగ్గితే?" అన్నది. తగ్గొచ్చు, అబద్ధం చెప్పను. రెండు రోజులు ఆలోచించి తెలుగే పెట్టింది. ఆమె పుస్తకం ఇప్పుడు నేను కూడా చదువుతున్న.

మీరు ఇంటర్‌లో ఏం తీసుకున్నారు, ఎందుకు? చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంట మరి!